3 హెచ్‌పీ కంప్రెసర్‌కి ఏ ఆయిల్ పోయాలి? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు

బెజవాడ_పెయింట్స్

అందరికీ నమస్కారం. విజయవాడ ఆటోనగర్‌లో మాది కార్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు. ఎండాకాలంలో ఒక సెకండ్ హ్యాండ్ కంప్రెసర్ తీసుకున్నాం. పిస్టన్ టైపు, బెల్టు డ్రైవు, 3 హెచ్‌పీ మోటారు, రెండు సిలిండర్లు, 220 లీటర్ల ట్యాంకు. నేమ్ ప్లేటు మీద ఎవరో రంగు కొట్టేశారు. మాన్యువల్ లేదు.

వానలు పడ్డప్పటినుంచి సైట్ గ్లాసులో (ఆయిల్ మట్టం చూసే అద్దం) ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనిపిస్తోంది. మెకానిక్‌ని అడిగితే "20డబ్ల్యూ-40 పోసేయండి సార్, బండికి పోసేదే" అన్నాడు. ఆయిల్ షాపాయన హైడ్రాలిక్ 68 డబ్బా చేతిలో పెట్టబోయాడు. పక్క షెడ్డువాళ్ళు కంప్రెసర్ ఆయిల్ 100 తప్ప ఇంకోటి ముట్టుకోవద్దంటున్నారు. ఇప్పటిదాకా ఏదీ మార్చలేదు, అమ్మినవాళ్ళు పోసి ఇచ్చిందే నడుస్తోంది.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. క్లియర్ కోట్ కొడితే అక్కడక్కడా ఫిష్ ఐ (రంగు పొరలో చిన్న చిన్న గుంటలు) లేస్తోంది. దీనికి, ఆయిల్‌కి సంబంధం ఉందా? ఏది పోయాలి, ఎంత పోయాలి, ఎన్నాళ్ళకి మార్చాలి? తెలిసినవాళ్ళు చెప్పండి.

టైర్ల_బాబాయ్

బాబూ, మాది హైవే మీద పంక్చర్ షాపు. 2 హెచ్‌పీ కంప్రెసర్. షాపు పెట్టినప్పటినుంచి 20డబ్ల్యూ-40 తప్ప వేరేది పోసింది లేదు. ఇంతవరకు ఏమీ కాలేదు. లారీ టైరుకి 110, 120 పీఎస్‌ఐ కొట్టినా కిక్కురుమనదు. కంప్రెసర్ ఆయిల్ పేరు చెప్పి డబ్బులు గుంజడం తప్ప ఏమీ లేదు. బండిలోంచి దించిన పాత ఆయిల్ మాత్రం పోయకు. అలా పోసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ మెషిన్లు చూశాను.

వాల్వు_ప్లేట్

బెజవాడ గారూ, ఆయిల్ సంగతికి ముందు ఒకటి చూసి చెప్పండి. రెండు సిలిండర్లు ఒకే సైజులో ఉన్నాయా? లేక ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, రెండిటి మధ్య రెక్కల పైపు ఉందా?

బెజవాడ_పెయింట్స్

రెండూ ఒకటే సైజు అండి. మధ్యలో పైపు లేదు. రెండిటి నుంచీ గాలి కలిసి ఒకే రాగి పైపులో ట్యాంకుకి వెళ్తోంది. దాని మీద చెయ్యి పెట్టలేం, చుర్రుమంటుంది.

వాల్వు_ప్లేట్

అయితే మీది సింగిల్ స్టేజి. ఒక్క దెబ్బలో గాలిని పూర్తి ప్రెషర్‌కి నొక్కుతుంది. ఆ చుర్రుమనే పైపులోనే ఉంది మీ ప్రశ్నకి జవాబు. నేను చాలాకాలం కంప్రెసర్ల సర్వీసులో పనిచేశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 30 డిగ్రీల గాలిని 7 బార్‌కి, అంటే సుమారు 100 పీఎస్‌ఐకి, ఒకేసారి నొక్కితే, మధ్యలో ఎక్కడా చల్లబడకపోతే, లెక్క ప్రకారం 270 డిగ్రీలు దాటాలి. సిలిండర్ రెక్కలు, పుల్లీ ఫ్యాను కొంత వేడి లాగేస్తాయి కాబట్టి అంతకి పోదు. అయినా డిశ్చార్జి వాల్వు (నొక్కిన గాలి బయటికి పోయే వాల్వు) దగ్గర 150 నుంచి 200 దాకా ఉండటం మామూలే. అదే డబుల్ స్టేజిలో సగం దారిలో ఇంటర్‌కూలర్ చల్లారుస్తుంది కాబట్టి లెక్క ప్రకారమే ఒక్కో స్టేజిలో 135 దగ్గర ఆగుతుంది. అందుకే సిలిండర్ల సైజు అడిగాను.

ఇప్పుడు ఆ వాల్వు మీద ఏం జరుగుతుందో చూడండి. రింగులు ఎంత బాగున్నా కొంచెం ఆయిల్ పైకి వస్తుంది. రావాలి కూడా, లేకపోతే సిలిండర్ గీతలు పడుతుంది. అలా వచ్చిన సన్నని పొర వేడి వాల్వు మీద, వేడి గాలిలో కూర్చుంటుంది. గాలిలో ఆక్సిజన్ ఉంది, పైగా నొక్కిన గాలి. ఆయిల్ మాడిపోవడానికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి. కంప్రెసర్ ఆయిల్ అంటే ఆ పరిస్థితిలో గట్టి కార్బన్ కట్టకుండా తయారుచేసిన ఆయిల్.

20డబ్ల్యూ-40లో చిక్కదనం సమస్య కాదు. 40 డిగ్రీల దగ్గర అది దాదాపు వీజీ (చిక్కదనం గ్రేడు) 100కీ 150కీ మధ్యే ఉంటుంది. సమస్య అందులో కలిపే మందులది. ఇంజన్ ఆయిల్‌లో డిటర్జెంట్లు ఉంటాయి, కాల్షియం, మెగ్నీషియం లాంటి లోహాల రూపంలో. ఇంజన్‌లో మసిని ఆయిల్‌లోనే తేలుతూ ఉంచి ఫిల్టరుకి పంపడం వాటి పని. మీ కంప్రెసర్‌లో ఫిల్టరేదీ? ఆయిల్ పంపు కూడా ఉండదు. కనెక్టింగ్ రాడ్డు కింద ఒక చిన్న గరిటె ఉంటుంది, అది ఆయిల్‌ని కొట్టి చిమ్ముతుంది, అంతే. ఇక్కడ చెత్త అడుగుకి దిగిపోవాలి, తేలకూడదు. వాల్వు మీద మాడినప్పుడు ఆ లోహాలు బూడిదగా మిగులుతాయి. కార్బన్‌తో కలిసి పెంకులా కడతాయి.

పెంకు కట్టాక వాల్వు రీడు (తెరుచుకుని మూసుకునే సన్నని రేకు) సరిగ్గా కూర్చోదు. నొక్కిన వేడి గాలి సందులోంచి వెనక్కి సిలిండర్‌లోకి వస్తుంది, దాన్నే మళ్ళీ నొక్కుతుంది, ఇంకా వేడెక్కుతుంది, ఇంకా కార్బన్ కడుతుంది. పెద్ద ప్లాంట్లలో డిశ్చార్జి పైపులో పేరుకున్న కార్బన్ అంటుకుని మంటలు, పేలుళ్ళు జరగడానికి మూలం ఈ చక్రమే.

ఇక మజ్జిగ విషయం. ఇంజన్ ఆయిల్ నీళ్ళని తనలో కలుపుకుని ఉంచుతుంది. కంప్రెసర్ ఆయిల్ నీళ్ళని వదిలేయాలి. అప్పుడే అవి అడుక్కి దిగితే బయటికి తీయగలం. మీకు అమ్మినవాళ్ళు పోసింది ఇంజన్ ఆయిలే అయ్యుండాలి. అయితే వానాకాలంలో రోజంతా రెండేసి నిమిషాలు తిరిగి ఆగే మెషిన్‌లో మంచి ఆయిల్ కూడా తెల్లబడుతుంది, ఎందుకంటే అడుగు భాగం వేడెక్కదు, చేరిన తేమ ఆవిరై పోదు. బ్రీదర్ (అడుగు భాగానికి గాలి ఆడే రంధ్రం) మూసుకుపోయినా అంతే.

మీకు నా మాట: ఐఎస్‌ఓ వీజీ 100, పిస్టన్ కంప్రెసర్ ఆయిల్, డబ్బా మీద డిన్ 51506 వీడీఎల్ అని ఉన్నది.

టైర్ల_బాబాయ్

ఇంత వేడి, ఇంత పెంకు ఉంటే నా మెషిన్ ఈపాటికి బూడిద కావాలి కదా సార్? అవ్వలేదే!

వాల్వు_ప్లేట్

బాబాయ్ గారూ, మీరన్నది తీసిపారేసే మాట కాదు. మీ దగ్గర ట్యాంకు నిండగానే మోటారు ఆగుతుంది. ఒక టైరుకి కొడతారు, మళ్ళీ కస్టమర్ వచ్చేదాకా ఊరుకుంటుంది. హెడ్డు పూర్తిగా వేడెక్కేలోపే చల్లారిపోతోంది. పెయింటు షెడ్డులో స్ప్రే గన్ ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే 3 హెచ్‌పీ మెషిన్ ఆగకుండా తిరగాల్సిందే. రెండిటికీ ఒకే న్యాయం కుదరదు. అయినా ఈసారి సర్వీసుకి ఇచ్చినప్పుడు హెడ్డు విప్పించి వాల్వు ప్లేటు ఒక్కసారి చూడండి.

ఆయిల్_కౌంటర్

లూబ్రికెంట్ల హోల్‌సేల్‌లో ఉన్నాను, గుంటూరు. కాబట్టి నా మాటని ఆ లెక్కలోనే తీసుకోండి.

పిస్టన్ కంప్రెసర్‌కి వీజీ 100లో మన దగ్గర దొరికేవి: ఇండియన్ ఆయిల్ వాళ్ళ సర్వో ప్రెస్ 100, షెల్ కొరీనా ఎస్2 పీ 100, మొబిల్ రారస్ 427, క్యాస్ట్రాల్ ఎయిర్‌కాల్ పీడీ 100. షెల్‌లో పీ అంటే పిస్టన్, ఆర్ అంటే రోటరీ. అది చూడకుండా కొరీనా అని మాత్రమే అడిగి స్క్రూ ఆయిల్ పట్టుకెళ్ళినవాళ్ళు ఉన్నారు. మొబిల్‌లో 425 అంటే వీజీ 46, 426 అంటే 68, 427 అంటే 100, 429 అంటే 150. ఏ కంపెనీ అన్నదానికంటే గ్రేడు, వీడీఎల్ ముఖ్యం. వీడీఎల్ అంటే 220 డిగ్రీల దాకా గాలి వేడికి తట్టుకుంటుందని జర్మన్ ప్రమాణం. అదే పట్టికలో వీబీఎల్ అని ఉంటే 140 వరకే. మీ సింగిల్ స్టేజికి వీబీఎల్ చాలదు.

హైడ్రాలిక్ 68 ఎందుకు చేతిలో పెడతారంటే, జేసీబీ వాళ్ళకోసం ప్రతి షాపులోనూ స్టాకు ఉంటుంది, కంప్రెసర్ ఆయిల్ ఉండదు. నీళ్ళని బాగానే వదులుతుంది, ఆ మాట నిజం. కానీ మన ఎండలకి పల్చన, పైగా వాల్వు వేడికోసం చేసింది కాదు. మీకు అది వద్దు.

ఇంకో మాట. లూజు ఆయిల్ కొనకండి. డ్రమ్ములోంచి కొలిచి పోసేది "కంప్రెసర్ ఆయిల్" అంటే నమ్మడానికి లేదు. పాత ఆయిల్‌ని వడగట్టి, రంగు తేర్చి అమ్మేది కూడా చూడ్డానికి తేనెలా మెరుస్తూనే ఉంటుంది.

మిల్లు_మిర్యాలగూడ

మంచి చర్చ నడుస్తోంది అన్నా. మాది రైస్ మిల్లు. సార్టెక్స్ మెషిన్‌కి (బియ్యంలో నల్ల గింజలు ఏరేది) 30 హెచ్‌పీ స్క్రూ కంప్రెసర్ ఉంది. దానికి కూడా ఈ వీజీ 100 నడుస్తదా? మా దగ్గర కొత్త ఆపరేటర్ "అంతా గాలే కదా సేటూ" అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

వాల్వు_ప్లేట్

పోయనివ్వకండి. స్క్రూకి సాధారణంగా వీజీ 46, అదీ రోటరీ స్క్రూ ఆయిల్. రెండు మెషిన్లూ గాలే కొడతాయి కానీ ఆయిల్ పని పూర్తిగా వేరు.

పిస్టన్‌లో ఆయిల్ కింద కూర్చుని చిమ్మించుకుంటుంది. స్క్రూలో ఆయిల్‌ని గాలితోపాటే లోపలికి కొడతారు. రోటర్ల మధ్య సందు మూసేది అదే, బేరింగులకి అందేది అదే, అన్నిటికంటే ముఖ్యంగా గాలి వేడిని అక్కడికక్కడ లాగేసేది అదే. అందుకే స్క్రూలో డిశ్చార్జి 80, 95 డిగ్రీల మధ్య నడుస్తుంది. ఆ తర్వాత సెపరేటర్‌లో గాలి నుంచి విడిపోయి, కూలర్‌కి వెళ్ళి, మళ్ళీ తిరిగి రావాలి, నిమిషానికి చాలాసార్లు. వీజీ 100 పోస్తే చిక్కదనానికి అంత తేలిగ్గా తిరగదు, వేడి లాగదు, మెషిన్ హై టెంపరేచర్ ట్రిప్పు కొడుతుంది.

మిల్లు_మిర్యాలగూడ

అర్థమైంది అన్నా. ఇంకో ముచ్చట. రెండేళ్ళ కింద కంపెనీ ఆయిల్ రేటు ఎక్కువని ఒక డీలర్ దగ్గర "అదే ఆయిల్, వేరే డబ్బా" అని తెచ్చి టాపప్ చేసిండ్రు మా వాళ్ళు. కొన్ని నెలలకే సెపరేటర్ జామ్ అయింది. లోపల గోధుమరంగు జిగురు, గోటితో గీకితే చూయింగ్ గమ్‌లా సాగుతుంది. కూలర్ కూడా విప్పి కడిగించాల్సి వచ్చింది. సార్టెక్స్ ఎజెక్టర్లకి ఆయిల్ వచ్చి, నల్ల గింజ వచ్చినప్పుడు కొట్టాల్సిన గాలి కొట్టలేదు. బియ్యంలో నల్ల గింజలు పోతున్నాయని పార్టీ ఫోన్ చేస్తే అప్పుడు తెలిసింది మాకు.

ఆయిల్_కౌంటర్

అది ఆయిల్ చెడ్డదయ్యే జరగనక్కర్లేదు, రెండు మంచి ఆయిల్స్ కలిసినా జరగొచ్చు. స్క్రూ ఆయిల్స్‌లో మినరల్, సెమీ సింథటిక్, పీఏఓ సింథటిక్, ఇవి కాక పాలీగ్లైకాల్ బేసువి కూడా ఉన్నాయి. ఇంగర్‌సాల్ రాండ్ వాళ్ళ అల్ట్రా కూలెంట్ ఆ చివరి జాతిది. పాలీగ్లైకాల్‌లో మినరల్ ఆయిల్ పోస్తే ఒకదాంట్లో ఒకటి కలవవు, జిగురు కడతాయి. ఇప్పుడున్నది ఏ జాతిదో తెలియకుండా టాపప్ చేయొద్దు. మార్చాలనుకుంటే కూలర్‌లో, పైపుల్లో మిగిలింది కూడా దించి, ఫిల్టరు, సెపరేటరు మార్చి, మధ్యలో ఒక ఫ్లషింగ్ పోసి మార్చాలి.

గంటల లెక్క మామూలుగా మినరల్‌కి 2000, సెమీకి 4000, పీఏఓకి 8000 అంటారు. అది చల్లటి, శుభ్రమైన గదిలో లెక్క. ఊకా దుమ్మూ ఎగిరే మిల్లులో ఆ అంకె నమ్ముకుని కూర్చుంటే నష్టం మనకే. శాంపిల్ పంపి టెస్టు చేయించుకుంటే మంచిది.

కువైట్_ఫిట్టర్

మన ఎండల సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఇక్కడ జూలైలో బయట 50 డిగ్రీలు. కంప్రెసర్ గదిలో ఇంకా ఎక్కువ. గాలి లోపలికి పీల్చేటప్పుడే 50 ఉంటే డిశ్చార్జి కూడా ఆ మేరకు పైకి పోతుంది. పిస్టన్ మెషిన్లకి మాన్యువల్ ఒప్పుకుంటే వీజీ 150 పోస్తాం, లేదంటే సింథటిక్ 100. ఆయిల్ వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగానికి పడుతుందని మా వర్క్‌షాపులో పాత లెక్క. కెమిస్ట్రీ ప్రకారం కూడా సుమారుగా అంతే.

రామగుండంలోనో రెంటచింతలలోనో ఉన్నవాళ్ళు ఆయిల్ గ్రేడు మార్చే ముందు కంప్రెసర్ ఎక్కడ పెట్టారో చూసుకోండి. చాలా షెడ్లలో గోడకి ఆనించి, పుల్లీ ఫ్యాను గోడవైపు పెడతారు. ఫ్యాను వదిలిన వేడి గాలినే మళ్ళీ పీలుస్తుంది. గోడకి రెండడుగులైనా ఖాళీ ఇవ్వాలి.

బెజవాడ_పెయింట్స్

మాది సరిగ్గా అలాగే గోడకి ఆనించి ఉందండి. ఈ రాత్రికే జరుపుతాను.

డెట్రాయిట్_గ్యారేజ్

నా బాధ దీనికి తలకిందులు! మిషిగన్‌లో ఇంటి గ్యారేజీలో చిన్న కంప్రెసర్. జనవరిలో మైనస్ 15. వీజీ 100కి సరిపోయే ఎస్‌ఏఈ 30 నాన్ డిటర్జెంట్ ఇక్కడ ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది, అదే పోశాను. చలికాలంలో స్విచ్ వేస్తే మోటారు ఊమ్మని మూలుగుతుంది, తిరగదు, బ్రేకర్ పడిపోతుంది. ఆయిల్ బంకలా అయిపోతుంది. సింథటిక్ కంప్రెసర్ ఆయిల్‌కి మారాక ఆ గొడవ లేదు.

ఒక ప్రశ్న. ఎస్‌ఏఈ 30 కూడా ఇంజన్ ఆయిలే కదా, మరి దాన్ని ఎందుకు ఒప్పుకుంటారు?

వాల్వు_ప్లేట్

మీరు పోసింది నాన్ డిటర్జెంట్ అని డబ్బా మీదే రాసి ఉంది కదా. అందులో పైన చెప్పిన డిటర్జెంట్ మందులు లేవు, సింగిల్ గ్రేడు కాబట్టి చిక్కదనం పెంచే పాలిమర్లు లేవు. చిక్కదనం వీజీ 100కి దగ్గర. ఎస్‌ఏఈ 20 అయితే సుమారు 68కి, ఎస్‌ఏఈ 40 అయితే సుమారు 150కి సమానం. పాత మాన్యువల్స్‌లో చాలావాటిలో ఎస్‌ఏఈ 30 అనే ఉంటుంది. మన దగ్గర ఇప్పుడు షాపులో 30 నంబరు అడిగితే మాత్రం డీజిల్ ఇంజన్ ఆయిల్ ఇస్తారు, దానిలో డిటర్జెంట్ నిండా ఉంటుంది. అందుకని ఇక్కడివాళ్ళు ఆ దారిలో పోవద్దు.

మనకి చలి బాధ లంబసింగిలో ఎవరైనా షెడ్డు పెడితే తప్ప లేదు. ఆంధ్రా, తెలంగాణల్లో ఏడాది పొడుగునా 100 నడుస్తుంది.

రిగ్గు_అన్న

బోర్ రిగ్గు నడుపుతాను. మా బండి మీద 350 పీఎస్‌ఐ స్క్రూ కంప్రెసర్. ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. రాయి కొట్టే హ్యామర్‌కి పోసే ఆయిల్ వేరు, కంప్రెసర్ ఆయిల్ వేరు. రాక్ డ్రిల్ ఆయిల్ గాలితో కలిసి లైన్లో వెళ్ళి హ్యామర్‌ని తడపాలి, అది బయటికి పోవడానికే పోసేది. కంప్రెసర్ ఆయిల్ బయటికి పోకూడదు. చీమకుర్తి క్వారీల్లో జాక్ హ్యామర్లకి కూడా లైన్ ఆయిలర్ (గాలి పైపులో ఆయిల్ కలిపే డబ్బా) వేరేగానే ఉంటుంది. రెండు డబ్బాలూ పక్కపక్కన పెడితే ఎప్పుడో ఒకరోజు కుర్రాళ్ళు మార్చి పోస్తారు. మేము వేరే వేరే బాక్సుల్లో తాళం వేసి పెడతాం.

బెజవాడ_పెయింట్స్

అప్‌డేట్. నిన్న ఆదివారం షెడ్డు ఖాళీగా ఉంటే హెడ్డు విప్పించాం. ఫోటో ఎక్కడం లేదు, మాటల్లో చెబుతాను. డిశ్చార్జి వైపు రీడు చుట్టూ నల్లటి పెంకు, దోశ పెనం అంచున మాడినట్టు. స్క్రూడ్రైవర్ మొనతో తడితే పొరలుగా లేచింది. రీడు ఒక మూల ఆ పెంకు మీద ఆని ఉంది, వెనకనుంచి టార్చి వేస్తే వెలుతురు కనిపించింది. ఇన్లెట్ వైపు మాత్రం శుభ్రంగా ఉంది, కొంచెం జిడ్డు అంతే. రాగి పైపు మొదటి జానెడు లోపల కూడా నల్లగా ఉంది.

మా కుర్రాడు కిరోసిన్‌తో కింద ఛాంబర్ అంతా కడిగేద్దామంటున్నాడు. కడగనా?

వాల్వు_ప్లేట్

కిరోసిన్, పెట్రోల్, థిన్నర్, ఏదీ క్రాంక్‌కేసులో (ఆ కింద ఛాంబర్‌లో) పోయకండి. పెయింటు షెడ్డు కాబట్టి థిన్నర్ చేతికి అందుబాటులో ఉంటుంది, అందుకే గట్టిగా చెబుతున్నాను. మూలల్లో కొంచెం మిగిలినా ఆ ఆవిరి సిలిండర్‌లోకి వెళ్తుంది, పైన 150, 200 డిగ్రీల గాలి ఉంది. అంటుకోవడానికి ఇంకేం కావాలి?

వాల్వు ప్లేటు విప్పి బయట ఇత్తడి బ్రష్షుతో గీకండి. రీడు మీద ఇనప బ్రష్షు వద్దు, గీత పడిన చోటే తర్వాత విరుగుతుంది. గాస్కెట్లు కొత్తవి వేయండి. రాగి పైపు విప్పి లోపల కూడా శుభ్రం చేయండి, కార్బన్ అంటుకునే చోటు అదే. ట్యాంకు దగ్గర నాన్ రిటర్న్ వాల్వు కూడా చూడండి.

పాత ఆయిల్ దించేటప్పుడు మెషిన్ కాస్త నడిపి, ఆపి, అడుగున ఉన్న ప్లగ్గు తెలిసినవాళ్ళచేత తీయించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే దించండి. చల్లగా ఉంటే బురద లోపలే ఉండిపోతుంది. ఆ తర్వాత కొత్త వీజీ 100 పోసి కాసేపు నడిపి, దాన్నీ దించేయండి. కడగడం అంటే అదే. కొంచెం ఆయిల్ ఖర్చవుతుంది, పోనీండి. మళ్ళీ కొత్తది పోయండి.

ఎంత అన్నదానికి, మాన్యువల్ లేకపోతే లీటర్ల లెక్క పెట్టుకోకండి. సైట్ గ్లాసులో ఎర్ర చుక్క మధ్యకి రావాలి, మెషిన్ ఆపి ఉండాలి, సమానమైన నేల మీద ఉండాలి. "కొంచెం ఎక్కువుంటే మంచిదే" అని పై గీత దాటిస్తారు చాలామంది. అప్పుడు గరిటె ఎక్కువ చిమ్ముతుంది, రింగులు దాటి పైకి ఎక్కువ వెళ్తుంది, అది మీ స్ప్రే గన్ దాకా వస్తుంది.

మార్చడం: మొదటిసారి 50, 100 గంటల మధ్య ఒకసారి, పాత మురికి కొట్టుకొస్తుంది కాబట్టి. ఆపైన 500 గంటలకి లేదా మూడు నెలలకి, ఏది ముందైతే అది. మీ దుమ్ములో ఇంకా ముందే అయినా పరవాలేదు. ఇన్లెట్ ఫిల్టర్ మాత్రం వారానికోసారి దులపండి, పుట్టీ పొడి తెల్లగా పేరుకుని ఉంటుంది చూడండి. ఫిల్టర్ మూసుకుపోతే సిలిండర్‌లో వాక్యూమ్ పెరిగి ఆయిల్‌ని పైకి లాగుతుంది.

నీటి_లెక్క

ఫిష్ ఐ గురించి ఎవరూ జవాబు ఇవ్వలేదు. ఆయిల్ మారిస్తే అది పోతుందని ఆశపెట్టుకోకండి. తగ్గొచ్చు, పూర్తిగా పోదు.

వానాకాలంలో విజయవాడ గాలి 30 డిగ్రీలు, 80 శాతం తేమ అనుకుందాం. ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు. మీ 3 హెచ్‌పీ నిమిషానికి 10 ఘనపుటడుగులు పీలిస్తే గంటకి 17 ఘనపు మీటర్లు, అంటే 400 గ్రాముల నీరు లోపలికి వెళ్ళింది. దాన్ని ఎనిమిదో వంతుకి నొక్కి ట్యాంకులో చల్లారిస్తే గాలి తనలో పట్టుకోగలిగేది 65 గ్రాములే. మిగిలింది, అంటే గంటకి 300 మిల్లీలీటర్ల పైన, ట్యాంకులోనూ పైపులోనూ నీళ్ళై కూర్చుంటుంది. ట్యాంకు కింద కాక్ రోజూ తెరుస్తున్నారా?

పైపు వేసేటప్పుడు మెయిన్ లైన్ ట్యాంకు నుంచి దూరంగా వెళ్ళేకొద్దీ కొంచెం కిందికి వాలాలి, చివర డ్రెయిన్ ఉండాలి. గన్ దగ్గరికి దిగే పైపుని మెయిన్ లైన్ పైభాగం నుంచి తీసి వంచి దించాలి. కింద నుంచి తీస్తే నీళ్ళన్నీ నేరుగా గన్‌కే. వాటర్ సెపరేటర్ కంప్రెసర్ పక్కనే పెడితే అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, నీరు ఆవిరిగానే దాటిపోతుంది. గన్‌కి దగ్గర్లో పెట్టండి. దాని తర్వాత ఆయిల్ పట్టే కోలెసింగ్ ఫిల్టర్ ఒకటి.

ఇవన్నీ చేసినా ఫిష్ ఐ వస్తే మీ షెడ్డులో ఎవరైనా డాష్‌బోర్డు పాలిష్, టైర్ పాలిష్ కొడుతున్నారేమో చూడండి. సిలికాన్ గాల్లో తేలి వచ్చి ప్యానెల్ మీద పడినా అచ్చం అలాగే లేస్తుంది. తెల్ల కాగితానికి ఎదురుగా గన్ లేకుండా గాలి మాత్రం కాసేపు కొట్టి చూడండి. కాగితం మీద జిడ్డు మచ్చ వస్తే తప్పు కంప్రెసర్‌ది, రాకపోతే పాలిష్‌ది.

మిల్లు_మిర్యాలగూడ

ఈ నీటి లెక్క స్క్రూకి కూడా వర్తిస్తదా? వానాకాలంలో మా ఆయిల్ కూడా కొంచెం పాలలా అయితది.

నీటి_లెక్క

ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. పైన చెప్పిన గాలినే 7 బార్‌కి నొక్కితే 67 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలవుతుంది. మీ స్క్రూ డిశ్చార్జి అంతకంటే తక్కువలో నడుస్తుంటే నీరు ఆయిల్‌లోనే కలుస్తుంది, బేరింగులకి చేటు. చల్లగా నడుస్తోందని సంతోషపడకూడదు. ప్యానెల్‌లో డిశ్చార్జి టెంపరేచర్ 75కి తగ్గకుండా ఉందో లేదో చూడండి. తగ్గుతుంటే థర్మోస్టాట్ వాల్వు తెరుచుకుని ఇరుక్కుపోయి ఉండొచ్చు. పొద్దున్నే మెషిన్ వేసేముందు, ప్రెషర్ లేదని చూసుకుని, ఆయిల్ ట్యాంకు డ్రెయిన్ కొంచెం తెరవండి. రాత్రంతా దిగిన నీరు ముందు వస్తుంది, ఆయిల్ కనపడగానే కట్టేయండి.

టైర్ల_బాబాయ్

అంతా చదివాను. నా పంక్చర్ షాపుకి నేను 20డబ్ల్యూ-40 తోనే పోతాను, మీరేం అనుకున్నా సరే. ట్యాంకు కాక్ మాత్రం ఇవాళ తెరిచాను. టీ కెటిల్‌లో సగం వచ్చింది, తుప్పు రంగు.

వాల్వు_ప్లేట్

తుప్పు రంగు వచ్చిందంటే ట్యాంకు లోపల తింటోంది బాబాయ్. ఆయిల్ మీ ఇష్టం. ట్యాంకుని మాత్రం ఒకసారి హైడ్రో టెస్టు (నీళ్ళు నింపి ప్రెషర్ పెట్టి చూడటం) చేయించండి, సేఫ్టీ వాల్వు రింగు లాగి గాలి వదులుతోందో లేదో చూడండి. అక్కడ బేరం లేదు.

బెజవాడ_పెయింట్స్

వీజీ 100 వేశాం. గోడకి దూరంగా జరిపాం. పైపు మీద ఇప్పటికీ చెయ్యి పెట్టలేం కానీ ట్యాంకు నిండడానికి పట్టే టైము బాగా తగ్గింది. కాగితం టెస్టు చేస్తే సన్నటి జిడ్డు మచ్చ ఒకటి వచ్చింది, రింగులు చూపిస్తాను. కోలెసింగ్ ఫిల్టర్ ఆర్డర్ పెట్టాను. అందరికీ థాంక్స్.

పళ్ళ_క్లినిక్

ఆలస్యంగా వచ్చాను. మా డెంటల్ క్లినిక్ కంప్రెసర్‌కి ఎంత వెతికినా ఆయిల్ ప్లగ్గు కనపడటం లేదు. సైట్ గ్లాసు కూడా లేదు. సౌండ్ మాత్రం ఎక్కువైంది. ఇన్లెట్ ఫిల్టర్ తీసి అందులోంచి కొంచెం వీజీ 100 పోస్తే తగ్గుతుందా?

వాల్వు_ప్లేట్

వద్దు డాక్టర్ గారూ! మీది ఆయిల్ ఫ్రీ. దానిలో టెఫ్లాన్ రింగు పొడిగానే నడుస్తుంది, బేరింగులు సీల్ చేసి గ్రీజుతో వస్తాయి. ఆయిల్ పోస్తే పొడి అంటుకుని రింగు పాడవుతుంది, పైగా ఆ గాలి వెళ్ళేది పేషెంట్ నోట్లోకి. సౌండ్ పెరిగిందంటే రింగు అరిగిందో బేరింగు పోయిందో అయ్యుంటుంది. మోడల్ నంబరు పెట్టి కొత్త టాపిక్ తెరవండి, అక్కడ మాట్లాడదాం.